ఇంటిపన్ను

రాత్రి పదకొండుకు జిన్నింగు మిల్లు గేటు పడినాక
వేబ్రిడ్జి గదిలో నేనూ, ఒక బల్లీ,
మూలిగే పాత కంప్యూటరూ.
ముక్కులో దూది నలుసు ఇంకా ఆడుతుంటుంది.
చొక్కా దులుపుకొని
రేవులో దిగుతాను.

అక్కడ వాన.
ఎప్పుడూ వానే.
ఆట చేసినోడు ఏ దేశపోడో గానీ
ఆ రేవుకు ఎండ పెట్టడం మరిచిపోయినాడు.
ఆదోని పిల్లోళ్లకు అంతకంటే ఏం కావాల?
మూడు దినాలకొకసారి కొళాయి వచ్చే వీధుల్లోంచి
గంటకు పదిహేను రూపాయలిచ్చి
తడవడానికి పోయేవాళ్లం,
మందుల షాపు మిద్దె మీద
ఖాజా భాయి నెట్ సెంటరుకు.
కరెంటు పోతే
అందరం ఒకేసారి మునిగేవాళ్లం,
ఒకటే కేక.

ఎనిమిది మందిమి.
చేపలు పట్టినాం, అమ్మినాం,
రేవు వెనక మిట్ట మీద వరసగా ఇండ్లు కట్టినాం.
ఉసేని ఇంటికి పచ్చ తలుపు.
లక్ష్మన్న రెండంతస్తులు లేపి
మెట్లు మరిచిపోయినాడు.
ఈరన్న పడవకు వాళ్లింటి ఎద్దు పేరు: మైలోడు.
పెద్దతుంబళం నుంచి బస్సులో వచ్చే సుంకన్న
పేరుకు తగ్గట్టే
అందరి పన్నులూ నోటుబుక్కులో రాసేవాడు.

ఏ దేశమో తెలీదు, మార్తా అని ఒక ముసలామె.
మాకు పొద్దున, ఆమెకు రాత్రి.
"ఉగ్గాని అయిందా?" అని అడగడం
మేమే నేర్పినాం.
ఉగ్గాని ఏందో ఆమె ఎప్పుడూ అడగలేదు.
వాన చప్పుడులో రోజూ అదే పలకరింపు.

ఇప్పుడు రేవులో ఉన్నవారు: నలుగురు.
నాతో కలిపి.
అందులో ఇద్దరు మనుషులు కాదని నా అనుమానం.
పిలిస్తే పలకరు, పట్టిన చేప పడతానే ఉంటారు.
మార్తా గుమ్మం మీద ఒక అంకె:
ఆమె వచ్చి పోయి
వెయ్యిన్ని తొమ్మిదివందల పన్నెండు దినాలు.

నిండు బండి తూకంలోంచి ఖాళీ బండి తూకం తీసేస్తే
మిగిలిందే సరుకు.
పగలంతా ఇదే నా పని.
ఈ రేవుకు మాత్రం
ఏది నిండో ఏది ఖాళీయో లెక్క తెగదు.

తొంభై దినాలు పన్ను కట్టకుంటే
ఇల్లు ఇసకైపోతుంది. అది ఆట నియమం.
సుంకన్న కానిస్టేబులై పోతా పోతా
నోటుబుక్కు నా చేతిలో పెట్టినాడు.
వెనక అట్ట మీద అందరి పాస్‌వర్డులూ.
ఉసేనిది ఒకమ్మాయి పేరు.
ఆమె ఇప్పుడు ఆస్పరిలో టీచరు.
లక్ష్మన్నది వాళ్ల నాయన ఫోను నంబరు,
కొడితే ఇప్పుడు ఎవరూ ఎత్తరు.

నెలకొక రాత్రి ఒక్కొక్కరినై లోపలికి పోతాను.
ఉసేనినై పచ్చ తలుపు తీసి
దీపం పెట్టి పన్ను కట్టి
మళ్లీ తలుపేసి వస్తాను.
లక్ష్మన్ననై, మెట్లు లేని మిద్దె కింద
కాసేపు పైకి చూస్తాను.
ఎవరికీ చెప్పలేదు.
బడి ఫీజులకే కిందామీదా పడేవాళ్లకు
లేని ఇంటికి పన్ను కట్టినానని
ఏ మొగం పెట్టుకొని చెప్పేది?

మొన్న రాత్రి ఈరన్న ఇంటికి పోతే
దీపం అప్పటికే వెలుగుతాంది.
పన్ను వచ్చే మార్చి దాకా కట్టేసి ఉంది.
గట్టున చూస్తే గూటం ఒక్కటే.
మైలోడు
పలుపు తెంపుకొని
యాడికో నీళ్లలోకి పోయినాడు.

తెల్లారి ఈరన్న ట్రాక్టరు కాటా ఎక్కింది.
పద్దెనిమిది క్వింటాళ్లు. తేమ లేదు.
చీటీ రాసిచ్చినాను, ఏమీ అడగలేదు.
వాని కండ్లు ఎర్రగా ఉండాయి.
చీటీ నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకొని
మబ్బు తునక లేని ఆకాశం కల్లా ఒకసారి చూసి
"ఆడింకా పడతానే ఉందిరా" అన్నాడు.

ఆఁ, అన్నాను.

వెనక బండోడు హారను కొట్టినాడు.